పాత కారులో బ్రేకు, స్థిరత్వ హెచ్చరిక దీపాలు: లోపం గుర్తించే విధము, సరిచేసే మార్గము

సరిహద్దు పల్లెలలో కారు నేడు విలాసవస్తువు కాదు. పొరుగు రాష్ట్రపు పట్టణంలోని ఆసుపత్రికి రోగిని చేర్చాలన్నా, ఆవలి తాలూకాలో ఉన్న ఆడపడుచు ఇంటికి శుభలేఖ తీసుకుపోవాలన్నా, పరీక్ష రాసే పిల్లలను వేళకు దింపాలన్నా ఇంటిముందున్న ఆ బండియే ఆధారం. అనేక కుటుంబాలలో అది ఒకరిద్దరి చేతులు మారి వచ్చిన పాత కారు. కొనేటప్పుడు ఆర్‌సీ పుస్తకం చూస్తారు. బీమా గడువు చూస్తారు. వేరే రాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం అడుగుతారు. టైర్ల అరుగుదలను, రంగును, ఇంజను శబ్దాన్ని పరిశీలిస్తారు. కాని స్టీరింగు వెనుక ఒకటి రెండు క్షణాలు వెలిగి ఆరిపోయే చిన్న దీపాలను గమనించేవారు తక్కువ. కుటుంబమంతా ప్రయాణం చేసే బండిలో మొట్టమొదట చదవవలసిన అక్షరాలు అవే.

దీపం వెలిగినంత మాత్రాన భయపడి వేల రూపాయల భాగాలు మార్పించనక్కరలేదు. వెలిగిన దీపాన్ని లెక్కచేయకుండా ఘాటు దిగడమూ తగదు. ఏ దీపం దేనిని గూర్చి చెబుతున్నదో, ఏ క్రమంలో వెతికితే లోపం దొరుకుతుందో, ఎంతవరకు ఇంటివద్ద చూసుకోవచ్చునో, ఎక్కడ మెకానిక్ చేతికి అప్పగించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

దీపాలు - వాటి అర్థాలు

డ్యాష్‌బోర్డు మీద ఈ విషయానికి సంబంధించినవి ముఖ్యంగా మూడు దీపాలు.

మొదటిది ఎర్ర దీపం. వలయంలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది. చేతిబ్రేకు వేసి ఉన్నప్పుడు, బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గినప్పుడు, ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ వ్యవస్థ పనిచేయనప్పుడు ఇది వెలుగుతుంది.

రెండవది పసుపు రంగులో ఉండే ఏబీఎస్ దీపం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే వ్యవస్థలో లోపం ఉన్నదని దీని భావం.

మూడవది కూడా పసుపు దీపమే. కారు బొమ్మ క్రింద వంకర టింకరగా జారిన గీతలు ఉంటాయి. ఇది స్థిరత్వ నియంత్రణ దీపం. కంపెనీని బట్టి ఈఎస్‌సీ అనియు, ఈఎస్‌పీ అనియు పిలుస్తారు. ఇది బండి నడుస్తుండగా మిణుకు మిణుకుమంటే లోపం కాదు. జారుడు నేలమీద ఆ వ్యవస్థ తన పని తాను చేస్తున్నదని అర్థం. నిలకడగా వెలిగి ఉంటేనే లోపం. బొమ్మతోపాటు ‘ఆఫ్’ అనే ఇంగ్లీషు మాట కనిపిస్తే, ఎవరో మీట నొక్కి దానిని ఆపివేశారని భావించి, ముందుగా ఆ మీటనే మరల నొక్కి చూడాలి.

స్థూలంగా చెప్పాలంటే ఎరుపు ఆగమంటుంది, పసుపు జాగ్రత్తగా పోయి త్వరగా చూపించుకొమ్మంటుంది. ఎరుపు, పసుపు కలిసి వెలిగితే ఎరుపు మాటే చెల్లుతుంది.

ఈ వ్యవస్థలు పనిచేసే తీరు

ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ బెంజ్ కార్లకు అందించింది. స్థిరత్వ నియంత్రణ 1995లో అదే కంపెనీ కార్లలో వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయినది. అంతకు ముందు ఒకే పేరుగల కారులో కూడా ఖరీదు ఎక్కువైన రకానికి ఏబీఎస్ ఉండి, తక్కువ రకానికి లేకపోవడం సాధారణం. అందువల్ల పాత కారు కొన్నవారు తమ బండిలో ఏ వ్యవస్థలు ఉన్నవో మొదట యజమాని పుస్తకంలో చూసుకోవాలి.

ఏబీఎస్ గల కారులో సాధారణంగా ప్రతి చక్రం వద్ద ఒక సెన్సార్ ఉంటుంది. చక్రంతోపాటు తిరిగే పళ్ల వలయాన్నో, బేరింగ్ సీలులో అమర్చిన అయస్కాంత వలయాన్నో అది గమనిస్తూ ఆ చక్రపు వేగాన్ని కంప్యూటరుకు తెలుపుతుంది. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం మిగిలిన వాటికన్నా అకస్మాత్తుగా మందగిస్తే, అది బిగుసుకుపోబోతున్నదని గ్రహించి కంప్యూటరు ఆ చక్రానికి పోయే ఆయిల్ ఒత్తిడిని క్షణంలో తగ్గించి మరల పెంచుతుంది. పెడల్ క్రింద కాలికి తగిలే టకటకమనే అదురు అదే. ఆ సమయంలో భయపడి కాలు తీయరాదు.

స్థిరత్వ నియంత్రణ ఇదే పరికరాలకు మరికొన్నింటిని చేర్చుకుంటుంది. స్టీరింగు ఎంత తిరిగిందో తెలిపే సెన్సార్ ఒకటి, బండి నిజంగా ఎంత మలుపు తీసుకున్నదో తెలిపే సెన్సార్ మరొకటి. డ్రైవరు కోరిన దారికి, బండి పోతున్న దారికి తేడా వస్తే ఏదో ఒక చక్రానికి మాత్రమే బ్రేకు వేసి బండిని దారికి తెస్తుంది. అవసరమైతే ఇంజను బలాన్నీ తగ్గిస్తుంది.

దీనినిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. స్థిరత్వ వ్యవస్థ ఏబీఎస్ మీద, ఏబీఎస్ చక్రాల సెన్సార్ల మీద ఆధారపడి ఉన్నాయి. పునాది రాయి కదిలితే మీది గోడలన్నీ పగులుతాయి. ఒక్క చక్రపు సెన్సార్ చెడినా రెండు మూడు దీపాలు ఒకేసారి వెలగడానికి కారణం ఇదే. దీపాలు మూడు వెలిగినవి కనుక లోపాలు మూడు అనుకోవడం పొరపాటు.

తాళం తిప్పగానే చేయవలసిన పరీక్ష

ఇంజను స్టార్టు చేయకుండా తాళాన్ని ‘ఆన్’ స్థానానికి తిప్పాలి. హెచ్చరిక దీపాలు అన్నీ వెలగాలి. కొన్ని క్షణాలలో ఏబీఎస్, స్థిరత్వ దీపాలు ఆరిపోవాలి. చేతిబ్రేకు దింపి ఇంజను నడుపుతున్నప్పుడు ఎర్ర దీపం కూడా ఆరిపోవాలి.

తాళం తిప్పినప్పుడు ఒక దీపం అసలు వెలగకపోతే సంతోషించరాదు, అనుమానించాలి. బల్బు మాడిపోయి ఉండవచ్చు. లేదా లోపాన్ని దాచడానికి ఎవరైనా బల్బు పీకివేసి ఉండవచ్చు. ఏబీఎస్ దీపపు తీగను మరొక దీపానికి కలిపి రెండూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరేటట్లు చేసి ఉండవచ్చు. పాత కారు కొనబోయేవారు చీకటిగా ఉన్నచోట నిలిపి ఈ పరీక్షను రెండుమూడు సార్లు చేయాలి. కారు అమ్మిన మరునాడే ఈ మోసం బయటపడదు. జల్లు పడిన రోడ్డుమీద ఒక దూడ అడ్డం వచ్చినప్పుడు బయటపడుతుంది.

ఎర్ర దీపం వెలిగితే

ముందుగా సులువైన కారణం చూడాలి. చేతిబ్రేకు లివరు ఒక పన్ను మేర పైకి ఉన్నా దీపం వెలుగుతుంది. దానిని పూర్తిగా దింపాలి. లివరును కొద్దిగా పైకి క్రిందికి కదిపినప్పుడు దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే, లివరు అడుగున ఉండే చిన్న స్విచ్ జరిగి ఉండవచ్చు, లేదా ధూళితో నిండి ఉండవచ్చు.

తరువాత ఇంజను గది తెరిచి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడాలి. బండి సమతలంగా ఉన్నచోటే చూడాలి. డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి. మట్టం కనిష్ఠ గీతకు దగ్గరగానో, దిగువనో ఉంటే వెంటనే సీసా తెచ్చి నింపి చేతులు దులుపుకోవడం తగని పని. ఆయిల్ ఎందుకు తగ్గినది అన్నదే అసలు ప్రశ్న.

దానికి రెండే కారణాలు. మొదటిది బ్రేక్ ప్యాడ్లు అరగడం. ప్యాడ్లు అరిగినకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు ముందుకు జరుగుతాయి. ఆ ఖాళీలోకి ఆయిల్ పోతుంది. డబ్బాలో మట్టం మెల్లగా, నెలల తరబడి తగ్గుతుంది. ఇది కారడం కాదు. ప్యాడ్ మందం సుమారు 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడు కొత్తవి వేయించాలి. పిస్టన్లను వెనుకకు నెట్టగానే మట్టం తనంతట తానే పైకి వస్తుంది. అంతకుముందే ఎవరైనా డబ్బా నింపి ఉంటే అప్పుడు ఆయిల్ పొంగి పొర్లి బండి రంగును కొరికివేస్తుంది.

రెండవది కారడం. ఇది ప్రమాదకరం. మట్టం రోజుల్లోనే తగ్గితే నాలుగు చక్రాల లోపలి వైపు తడి ఉన్నదేమో, రబ్బరు గొట్టాలు పగిలినవేమో, వెనుక డ్రమ్ముల అడుగున తడి చార ఉన్నదేమో, పెడల్ పైభాగాన మాస్టర్ సిలిండర్ కారుతున్నదేమో చూడాలి. యానాం వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ఇనుప బ్రేకు గొట్టాలు త్వరగా తుప్పుపడతాయి. వాటిని ఏటా ఒకసారైనా బండి క్రింద దీపం వేసి చూడాలి. కారుతున్న బండిని నడపరాదు. మరమ్మతు చోటికి కట్టి తీసుకుపోవలసిందే.

పెడల్ చెప్పే మాటలూ వినాలి. ఇంజను నడుస్తుండగా పెడల్‌ను స్థిరంగా నొక్కి ఉంచినప్పుడు అది మెల్లమెల్లగా క్రిందికి దిగిపోతుంటే, పైకి ఎక్కడా కారకపోయినా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగినవని అనుమానించాలి. స్పాంజివలె మెత్తగా ఉంటే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు. ఇంజను ఆపి నాలుగైదుసార్లు పెడల్ తొక్కి, నొక్కి పట్టుకొని స్టార్టు చేసినప్పుడు పెడల్ కొద్దిగా దిగాలి. దిగకపోతే కాలి బలాన్ని పెంచే బూస్టరు గాని, దానికి పోయే గాలి గొట్టం గాని చూపించాలి.

బ్రేక్ ఆయిల్ గూర్చి

బ్రేక్ ఆయిల్ అని వాడుకలో అన్నా అది ఇంజను ఆయిల్ వంటి నూనె కాదు. ఇంజను ఆయిల్ గాని, మరే నూనె గాని ఒక్క గరిటెడు పడినా బ్రేకుల లోని రబ్బర్లు ఉబ్బి వ్యవస్థ అంతా చెడిపోతుంది. డబ్బా మూతమీద డాట్ 3 అనో, డాట్ 4 అనో వ్రాసి ఉంటుంది. ఆ రకమే పోయాలి. డాట్ 5 అనేది సిలికాన్ జాతి. దానిని వీటితో కలపరాదు.

ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. పొడవైన ఘాటులో బ్రేకు తొక్కుతూ దిగినప్పుడు వేడెక్కి, తేమ చేరిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ తొక్కినా బుడగలే నలుగుతాయి గాని బ్రేకు పడదు. అందుకే చాలా కార్లకు రెండేళ్లకొకసారి ఈ ద్రవాన్ని మార్పించమని చెబుతారు. మూత తెరిచి నెలలు గడిచిన సీసాలోని మిగులు వాడరాదు.

ఏబీఎస్ దీపం వెలిగితే చూడవలసిన క్రమం

ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. గట్టిగా వేసినప్పుడు మాత్రం చక్రాలు బిగుసుకుపోవచ్చు. కనుక వేగం తగ్గించి, ముందు బండికి దూరం పెంచి నడపాలి. లోపాన్ని ఖర్చు తక్కువైన చోటునుండి మొదలుపెట్టి వెతకాలి.

ఒకటి, బ్యాటరీ. ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచాక సుమారు 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుండగా ఇంచుమించు 13.5 నుండి 14.5 వోల్టులు ఉండాలి. తక్కువగా ఉంటే ఏబీఎస్ కంప్యూటరు తనను తాను ఆపుకొని దీపం వెలిగిస్తుంది. బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లని పిండిని తొలగించి బిగించినంతమాత్రాన దీపం ఆరిన సందర్భాలు ఉంటాయి.

రెండు, ఫ్యూజులు. ఏబీఎస్‌కు పంపు కోసం, కవాటాల కోసం, కంప్యూటరు కోసం వేర్వేరు ఫ్యూజులు ఉంటాయి. మాడినది ఏ ఆంపియర్లదో అదే వేయాలి. పెద్దది వేయడం, తీగ చుట్టడం బండికి నిప్పు పెట్టడంతో సమానం. కొత్త ఫ్యూజు కూడా మాడితే ఎక్కడో తీగ ఒరుసుకుంటున్నదని గ్రహించాలి.

మూడు, టైర్లు. నాలుగు టైర్లు ఒకే కొలతవి కావాలి. ఒక చక్రానికి వేరే కొలత టైరు వేసినా, ఒకదానిలో గాలి బాగా తగ్గినా ఆ చక్రం మిగిలినవాటికన్నా భిన్నవేగంతో తిరుగుతుంది. కంప్యూటరుకు అది లోపంగా తోస్తుంది.

నాలుగు, చక్రాల వద్ద తీగలు. ముందు చక్రాల తీగలు స్టీరింగుతో పాటు నిత్యం వంగుతూ ఉంటాయి; పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగిపోగులు తెగిపోతాయి. వరికోతల కాలంలో గడ్డివాముల పక్కన నిలిపిన కార్లలో ఎలుకలు తీగలు కొరకడం పల్లెలలో అందరూ ఎరిగినదే. నల్లరేగడి బురద చక్రాల వెనుక గట్టిపడి తీగను లాగివేయడం కూడా కద్దు. ఇటువంటి తీగను మెలిపెట్టి టేపు చుట్టి వదలరాదు. టంకం వేసి, వేడికి ముడుచుకునే తొడుగు వేయించాలి. లేకపోతే మొదటి వానకే మరల తెగుతుంది.

ఐదు, సెన్సార్, పళ్ల వలయం. వీటిని గూర్చి క్రింద చూడవచ్చు.

ఆరు, అన్నిటికన్నా చివర ఏబీఎస్ పంపు, దాని కంప్యూటరు. ఇవి చాలా ఖరీదైనవి. దానికి చేరవలసిన విద్యుత్తు, భూసంధానపు తీగ సరిగా ఉన్నవని కొలిచి చూపించనిదే ఈ భాగాన్ని మార్చడానికి ఒప్పుకోరాదు. కొన్ని లోపాలకు కంప్యూటరు భాగాన్ని మాత్రమే విప్పి మరమ్మతు చేసేవారు పెద్ద పట్టణాలలో ఉన్నారు.

సెన్సార్ పరీక్ష

సెన్సార్ కొన అయస్కాంతం. బ్రేకుల నుండి రాలే ఇనుపరజను దానికి మీసాలవలె అంటుకుంటుంది. పొడిబట్టతో తుడిస్తేనే కొన్నిసార్లు దీపం ఆరుతుంది. పాత కార్లలో సెన్సార్ తన గూటిలో తుప్పుపట్టి బిగిసి ఉంటుంది. పట్టకారుతో మెలిపెడితే విరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె చల్లి కొంతసేపు ఆగి నెమ్మదిగా కదపాలి. గూటిలో తుప్పు పొర పేరుకుంటే సెన్సార్ పైకి లేచి వలయానికి దూరమవుతుంది. ఆ పొరను గీకి శుభ్రం చేయాలి.

పాతరకపు రెండు తీగల సెన్సార్‌ను మల్టీమీటరుతో కొలవవచ్చు. అనేక కార్లలో ఇది ఇంచుమించు 800 నుండి 2,000 ఓములు ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ కారు మరమ్మతు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేనప్పుడు ఎడమ చక్రపు కొలతను కుడి చక్రపు కొలతతో పోల్చడం మంచి ఉపాయం. చక్రాన్ని చేతితో తిప్పినప్పుడు మీటరులో కొద్దిపాటి ఏసీ వోల్టేజీ కనిపించాలి. కొత్తరకపు సెన్సార్లను మాత్రం ఓములలో కొలవరాదు, అవి చెడిపోగలవు. వాటికి విద్యుత్తు అందుతున్నదా లేదా అన్నదే చూడాలి. మిగిలినది స్కానర్‌లో తేలుతుంది.

పళ్ల వలయం తుప్పుకు పగిలితే ఒక వింత లక్షణం కనిపిస్తుంది. బండి ఆగబోయే ముందు, నడక వేగంలో, ఎండిన రోడ్డుమీద కూడా పెడల్ క్రింద ఏబీఎస్ టకటకలాడుతుంది. చక్రం బేరింగ్ మార్పించిన వెంటనే ఏబీఎస్ దీపం వెలిగితే, అయస్కాంత వలయం ఉన్న వైపు తలక్రిందులుగా అమర్చారేమో అడగాలి.

జాకీ ఒక్కదాని మీద నిలిపిన బండి క్రిందికి ఎవరూ దూరరాదు. సమతలం, చక్రాలకు అడ్డురాళ్లు, గట్టి స్టాండు ఈ మూడూ ఉన్నప్పుడే చక్రం విప్పాలి.

స్థిరత్వ దీపం వెలిగితే

ఏబీఎస్ దీపం కూడా తోడుగా ఉంటే మొదట ఏబీఎస్‌నే చూడాలి. స్థిరత్వ దీపం ఒంటరిగా వెలిగితే మూడు విషయాలు గమనించాలి.

మొదటిది బ్రేకు పెడల్ వద్ద ఉండే స్విచ్. వెనుక ఎర్ర దీపాలను వెలిగించేది ఇదే. చాలా కార్లలో దీని సమాచారాన్ని స్థిరత్వ వ్యవస్థ కూడా వాడుకుంటుంది. రాత్రివేళ బండి వెనుకభాగాన్ని గోడకు దగ్గరగా నిలిపి పెడల్ తొక్కితే గోడమీది వెలుగు చెబుతుంది: తొక్కినా వెలగకపోయినా, వదిలినా ఆరకపోయినా లోపం ఇక్కడే. ఈ స్విచ్ ధర స్వల్పం. దీనిని చూడకుండానే పెద్ద భాగాలు మార్పించినవారు నష్టపోతారు.

రెండవది స్టీరింగు కోణం. బ్యాటరీ విప్పి బిగించిన తరువాత కొన్ని కార్లు స్టీరింగు మధ్యస్థానాన్ని మరచిపోతాయి. ఇంజను నడుస్తుండగా స్టీరింగును ఒక కొసనుండి మరొక కొసకు తిప్పి, తిన్నని రోడ్డుమీద కొద్ది దూరం నడిపితే కొన్నింటిలో దీపం ఆరుతుంది. కొన్నింటికి స్కానర్‌తో నేర్పవలసి ఉంటుంది. వీల్ అలైన్‌మెంట్ చేయించిన తరువాత, తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు వంకరగా ఉంటే ఈ దీపం వెలగవచ్చు. అలైన్‌మెంట్ మరల సరిచేయించాలి.

మూడవది బండి మలుపును కొలిచే సెన్సార్. తరచుగా ఇది ముందు సీట్ల మధ్య పెట్టె అడుగున ఉంటుంది. నీరు ఒలికినా, బిగింపు వదులైనా తప్పు లెక్క చెబుతుంది. ఆ పరిసరాలలోనే ఎయిర్‌బ్యాగ్ తీగలు కూడా ఉంటాయి. ఈ పని ఇంటివద్ద చేయరాదు.

స్కానర్ - సంకేత సంఖ్య

చవకగా దొరికే చిన్న స్కానర్లు చాలావరకు ఇంజను లోపాలను మాత్రమే చదువుతాయి. ఏబీఎస్‌ను చదవగల స్కానర్ ఉన్న చోటికే పోవాలి. ఏబీఎస్ లోపాల సంకేతాలు ఇంగ్లీషు ‘సి’ అక్షరంతో మొదలవుతాయి. ఉదాహరణకు సి0035 ఎడమ ముందు చక్రపు సెన్సార్‌ను, సి0040 కుడి ముందు చక్రాన్ని, సి0045 ఎడమ వెనుక చక్రాన్ని, సి0050 కుడి వెనుక చక్రాన్ని సూచిస్తాయి. కంపెనీలు తమ సొంత సంఖ్యలు వాడడమూ ఉన్నది. యు0121 వస్తే ఏబీఎస్ కంప్యూటరుతో మాట కలవడం లేదని అర్థం. అప్పుడు ఫ్యూజు, తీగలే ముందు చూడాలి.

సరిహద్దు ప్రాంతపు కుటుంబాలకు ఈ సంఖ్య ఒక గొప్ప సౌకర్యం. హోసూరులో తమిళ మెకానిక్, బళ్లారిలో కన్నడ మెకానిక్, రాయగడలో ఒడియా మెకానిక్, సిరోంచలో మరాఠీ మెకానిక్ చూసినా సంఖ్య ఒక్కటే. దానిని కాగితం మీద వ్రాయించుకొని, తుడిపివేయకముందే ఫోనులో ఫొటో తీసుకోవాలి. ఇంకొక చోట రెండవ అభిప్రాయం అడిగేటప్పుడు భాష రాకపోయినా ఆ కాగితమే మాట్లాడుతుంది.

సంకేతం చోటును చూపుతుంది, భాగాన్ని తీర్పు చెప్పదు. ఎడమ ముందు సెన్సార్ అని వచ్చినంతమాత్రాన సెన్సార్ చెడినదనుకోరాదు. తీగ, వలయం, బేరింగ్ ఏదైనా కావచ్చు. మెల్లగా నడుపుతూ స్కానర్‌లో నాలుగు చక్రాల వేగాలు పక్కపక్కన చూస్తే మూడు చక్రాలు 20 కిలోమీటర్లు చూపుతుండగా నాలుగవది సున్నా చూపడమో, ఎగిరెగిరి పడడమో తెలుస్తుంది. లోపం సరిచేసి సంకేతం తుడిపిన తరువాత కూడా అనేక కార్లలో కొంత దూరం నడిపాకే దీపం ఆరుతుంది.

ఒక ఉదాహరణ

వానాకాలం తరువాత పన్నెండేళ్ల నాటి కారులో ఏబీఎస్, స్థిరత్వ దీపాలు రెండూ వెలిగినవనుకొందాము. ఎర్ర దీపం లేదు, ఆయిల్ మట్టం సరిగా ఉన్నది, పెడల్ గట్టిగా ఉన్నది. కనుక మామూలు బ్రేకులు క్షేమం. బ్యాటరీ 12.6 వోల్టులు, ఫ్యూజులు మంచివి, టైర్లు ఒకే కొలతవి. స్కానర్ సి0040 చూపినది. అనగా కుడి ముందు చక్రం. కుడి సెన్సార్ వద్ద మీటరు అంకె చూపలేదు, ఎడమది 1,100 ఓములు చూపినది. కుడి తీగను కదిపినప్పుడు అంకె వచ్చి పోతున్నది. అంటే సెన్సార్ బ్రతికే ఉన్నది, తీగ తెగినది. పరీక్ష ఇక్కడికి వచ్చేవరకు ఒక్క భాగమూ కొనలేదు. ఈ క్రమం పాటించకపోతే అదే బండికి పంపు మార్చాలన్న మాట వినవలసి వచ్చేది.

ఘాటులో దీపం వెలిగితే

సాలూరు నుండి కోరాపుట్ పోయే ఘాటులోనో, ధర్మపురి దాటి తొప్పూరు దిగుడులోనో ఎర్ర దీపం వెలిగితే పెడల్ బలాన్ని వెంటనే తెలుసుకొని, తక్కువ గేరులోకి మార్చి, హెచ్చరిక దీపాలు వేసి, మొదటి సురక్షిత స్థలంలో ఆపాలి. పెడల్ అడుగంటితే వేగంగా పలుమార్లు తొక్కి చూడాలి. గేర్లను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, చేతిబ్రేకును ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా లాగాలి. బండి కదులుతుండగా ఇంజను ఆపరాదు. బూస్టరు సహాయం పోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు బ్రేకుల మీదనే భారమంతా వేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పెద్ద బండ్ల డ్రైవర్లు చెప్పే పాత మాట. అది కార్లకూ వర్తిస్తుంది.

ఎర్ర దీపం, ఏబీఎస్ దీపం కలిసి వెలిగితే ఈబీడీ పోయి ఉండవచ్చు. గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందుగా బిగిసి బండి గిర్రున తిరగవచ్చు. అటువంటి బండిలో నిండు కుటుంబాన్ని ఎక్కించుకొని ప్రయాణం కొనసాగించరాదు. ముహూర్తానికి ఆలస్యమైనా ఫరవాలేదు.

చేయరాని పనులు

బల్బు పీకడం, దీపం మీద నల్ల టేపు అంటించడం, ఏబీఎస్ ఫ్యూజు తీసివేసి ‘ఇప్పుడు మామూలు బండి అయినది’ అనుకోవడం, కారణం తెలియకుండా సంకేతాలు పదేపదే తుడిపించడం తగవు. ఆయిల్ డబ్బా పూర్తిగా ఎండిపోనిచ్చిన ఏబీఎస్ కారులో పంపు లోపలికి గాలి చేరవచ్చు. అది మామూలుగా పెడల్ తొక్కి గాలి తీసే పద్ధతికి లొంగదు, స్కానర్ సహాయం కావాలి. పాత కార్లలో గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కడం కూడా మంచిది కాదు. ఇంతవరకు తిరగని తుప్పు భాగంమీద రబ్బరు ఒరిసి మాస్టర్ సిలిండర్ చెడుతుంది.

నెలకొకసారి తాళం తిప్పి దీపాలు చూడడానికి, డబ్బాలో మట్టం చూడడానికి, నాలుగు టైర్ల గాలి చూడడానికి పది నిమిషాలు చాలు. ఇంట్లో బడికి పోయే పిల్లలకు ఆ దీపాల అర్థం నేర్పితే మరీ మంచిది. డ్రైవరు దారి చూస్తుండగా పక్కన కూర్చున్న పిల్లవాడు ‘నాన్నా, ఎర్ర దీపం వెలిగింది’ అని చెప్పగలిగితే ఆ ఒక్క మాట ఇంటిల్లిపాదిని కాపాడవచ్చు.